రాజమహేంద్రవరం వెబ్ డిజైన్ సేవ, మా నర్సరీ సైటు మెనూ పట్టీ: ఒక సమీక్ష

కడియపులంకలో మా బాబాయి గారి నర్సరీకి వెబ్‌సైటు చేసిపెట్టే పనిని రాజమహేంద్రవరంలోని ఒక చిన్న వెబ్ డిజైన్ సంస్థకు అప్పగించాము. సైటు ఇప్పుడు నడుస్తోంది. దాని ద్వారా వాకబులూ ఆర్డర్లూ వస్తున్నాయి. అయితే ఈ సమీక్షలో సైటు మొత్తాన్ని తూకం వేయబోవడం లేదు. పేజీ పైభాగాన అడ్డంగా పరచుకొని ఉండే మెనూ పట్టీనే ప్రధానంగా పరిశీలిస్తాను. మొక్కల ఫొటోలు మేము తీయించినవి, వివరాలు మేము రాసినవి, ధరలు మేము నిర్ణయించినవి కాబట్టి, ఆ సంస్థ పనితనం కల్తీ లేకుండా కనిపించే చోటు ఆ పట్టీ ఒక్కటే. దిద్దుబాట్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నందున సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పునాది చక్కగా వేశారు. కొలతలు మాత్రం ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి తీసుకొని, ఒకరి కొలతకు కుట్టిన చొక్కాను మరొకరికి తొడిగినట్టు, అందులో తెలుగు మాటలు కూర్చారు. వచ్చిన చిక్కుల్లో ముప్పాతిక వంతు దీనివల్ల వచ్చినవే. ఎత్తిచూపినప్పుడు విసుక్కోకుండా దిద్దారన్నది వారి పక్షాన చెప్పవలసిన మాట.

మేము అడిగిన మెనూలో ఆరు అంశాలు ఉన్నాయి: మొదటి పేజీ, పూల మొక్కలు, పండ్ల మొక్కలు, ఇండోర్ మొక్కలు, లారీ లోడు ధరలు, సంప్రదించండి. కడియం నర్సరీలకు వచ్చే బేరం రెండు రకాలు. ఇంటి పెరటికి నాలుగు మొక్కలు కావలసినవారు జాతీయ రహదారి పక్కన కారు ఆపి, కంటికి నచ్చినవి ఎక్కించుకొని వెళ్తారు. వారికి వెబ్‌సైటుతో పనిలేదు. లేఅవుట్లకూ, అపార్టుమెంట్లకూ, కళాశాలల ఆవరణలకూ లారీల లెక్కన తీసుకొనేవారు మాత్రం రకాలూ సైజులూ ధరలూ ముందు ఫోనులో చూసుకొని, ఆ తరువాతే మాట కలుపుతారు. వారికి కావలసిన పేజీ మొదటి నొక్కులోనే దొరకాలి. అందుకే మెనూ మీద మాకు ఇంత పట్టింపు.

మొదట మెచ్చుకోవలసినది, ఆ మెనూను వారు జాబితాగా రాయడం. క్రమసంఖ్యలు లేని జాబితాకు, వెబ్ పేజీలు రాసే భాషైన హెచ్‌టీఎంఎల్‌లో వాడే యూఎల్ ట్యాగును తీసుకొని, దాని లోపల ఒక్కో అంశానికి ఒక్కో ఎల్‌ఐ ట్యాగు పెట్టి, అందులో లింకు ఉంచి, మొత్తాన్ని, ఇది దారిచూపే మెనూ అని చెప్పే నావ్ ట్యాగుతో చుట్టారు. చూడడానికి ఇది పెద్ద విశేషంగా తోచకపోవచ్చు. కానీ పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్‌ఎస్ భాష మొదటి ప్రమాణం 1996 డిసెంబరులోనే వెలువడినా, బ్రౌజర్లు దానిని సక్రమంగా అమలు చేయడానికి ఏళ్లు పట్టినందువల్ల, ఆ రోజుల్లో అడ్డపు మెనూ కావలసినవారు టేబుల్ గడుల్లో మాటలు పేర్చడమో, ఒక్కో మాటకూ ఒక్కో బొమ్మ గీసి వరుసగా అతికించడమో చేసేవారు. మెనూను జాబితాగా రాసి, రూపాన్ని మాత్రం సీఎస్‌ఎస్‌తో మార్చుకొనే పద్ధతి 2000 తరువాతి తొలి ఏళ్లలో వ్యాపించింది. తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలోనూ సరిగా కనిపించని కాలంలో మన సైట్లు బొమ్మల మెనూలనే మరికొంత కాలం పట్టుకొని వేలాడవలసి వచ్చింది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేకపోయినా, ఈ చుట్టుపక్కల వేరేవారు చేసిన కొన్ని వ్యాపార సైట్ల కోడు తెరచి చూస్తే, మెనూ అంతా అర్థంలేని డివ్ ట్యాగుల కుప్పగా కనిపించింది. వాటితో పోలిస్తే మా సైటు కోడు చదవడానికే హాయిగా ఉంది.

జాబితాగా రాయడం వల్ల కలిగే లాభం ఒక సాయంత్రం నెట్ బాగా నెమ్మదించినప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. సీఎస్‌ఎస్ ఫైలు దిగలేదు. రంగులూ పట్టీ ఏవీ రాలేదు. అయినా ఆరు లింకులూ చుక్కలతో ఒకదాని కింద ఒకటి కుదురుగా నిలిచాయి, నొక్కితే పేజీలు తెరుచుకున్నాయి. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడరు కూడా ఇది ఆరు అంశాల జాబితా అని ముందుగా చెప్పి, ఆ తరువాత ఒక్కొక్కటిగా చదువుతుంది.

జాబితా సహజ రూపాన్ని తీసివేయడంలోనూ వారు పొరపడలేదు. బ్రౌజరు ఏ జాబితాకైనా తనంతట తాను కొన్ని హంగులు చేరుస్తుంది: ఒక్కో అంశం ముందు ఒక చుక్క, ఎడమవైపు 40 పిక్సెళ్ల ప్యాడింగు (పెట్టె లోపలి ఖాళీ), పైనా కిందా కాస్త మార్జిను (పెట్టె బయటి ఖాళీ). లిస్ట్-స్టైల్ విలువను నన్ అని రాస్తే చుక్కలు పోతాయి గానీ ఆ 40 పిక్సెళ్ల ఖాళీ పోదు. దానిని విడిగా సున్నా చేయాలి. పట్టీ ఎడమ అంచు కింది పేజీ అంచుతో కలవకుండా ఎడంగా నిలిచిన మెనూలు చాలా సైట్లలో కనబడతాయి. దానికి కారణం చాలావరకు ఈ మరచిపోయిన ప్యాడింగే. మా పట్టీ అంచు కింది ఫొటో అంచుతో గీత గీసినట్టు కలిసింది.

చిక్కంతా నిలువు జాబితాను అడ్డంగా తిప్పే దగ్గర మొదలైంది. దీనికి నాలుగు దారులు ఉన్నాయి. ఎల్‌ఐల డిస్‌ప్లే విలువను ఇన్‌లైన్ చేయడం (అంటే వాక్యంలోని మాటల్లా పక్కపక్కన పరచడం) అన్నిటికన్నా పాతది. కానీ అప్పుడు పైనా కిందా ఇచ్చే ప్యాడింగు రంగును విస్తరింపజేస్తుందే తప్ప పక్కవాటిని జరపదు, కాబట్టి పట్టీ పైవరుస మీదికీ కిందివరుస మీదికీ పొర్లుతుంది. ఇన్‌లైన్-బ్లాక్ చేస్తే ఆ దోషం పోతుంది గానీ, కోడులో రెండు ఎల్‌ఐల మధ్య ఉన్న లైను మార్పు ఒక ఖాళీ అక్షరంగా తెరమీదికి వచ్చి, ఎవరూ అడగని సందులను సృష్టిస్తుంది. మూడవది ఫ్లోట్, అంటే ఒక్కో అంశాన్నీ ఎడమ పక్కకు నెట్టి వరుసకట్టించడం. నాలుగవది ఫ్లెక్స్, పెట్టెలోని అంశాలను వరుసలో సర్దే పద్ధతి, నేటి బ్రౌజర్లన్నిటిలోనూ నిక్షేపంగా పనిచేసేది ఇదే. ఇప్పటి పనికి ఫ్లెక్స్ తప్ప మరొకటి ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. వారు మొదట ఇచ్చిన ప్రతిలో మాత్రం ఫ్లోట్ ఉంది. తమ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఇంగ్లీషు టెంప్లేటును తీసుకొని అందులో మా మాటలు వేశారని కోడు చూడగానే తెలిసింది: అక్షరాలన్నిటినీ పెద్దబడి చేసే టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ ఆదేశం అందులో అలాగే ఉంది. పెద్దబడీ చిన్నబడీ లేని తెలుగు మీద ఆ ఆదేశానికి ఏ ప్రభావమూ ఉండదు. దాని పక్కనే అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగ్ కూడా ఉంది. దాని ప్రభావం మాత్రం బాగానే కనిపించింది, మాటలు విడివిడి ముక్కలై సైన్‌బోర్డు మీద ఊడిపోయిన అక్షరాల్లా తయారయ్యాయి.

ఫ్లోట్ చేసిన అంశాలు తమ పెట్టె ఎత్తును నిలబెట్టవు. లోపల ఆరు అంశాలు ఉన్నా యూఎల్ ఎత్తు సున్నా అయిపోయి, పట్టీ రంగు మాయమవుతుంది. దానిని అరికట్టడానికి పూర్వం నుంచీ వాడుకలో ఉన్న చిట్కా, యూఎల్‌కు ఓవర్‌ఫ్లో విలువను హిడెన్ అని ఇవ్వడం. వీరూ అదే చేశారు. దానికి తోడు పట్టీకి ఎత్తును కచ్చితమైన పిక్సెళ్లలో బిగించి, అక్షరాల వరుస ఎత్తును నిర్ణయించే లైన్-హైట్‌ను 1 చేసి, లోపలి ఖాళీలో ఎక్కువ భాగాన్ని మాటల పైన వదిలి, కింద నామమాత్రంగా ఉంచారు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు ఇది సరిపోతుంది; అవి గీత కిందికి దిగవు కాబట్టి కింద ఖాళీ లేకపోయినా అందంగానే ఉంటాయి. తెలుగు అలా కాదు. ‘మొక్కలు’ అన్న మాటలో కకారం కింద మరో కవత్తు వేలాడుతుంది; ‘సంప్రదించండి’లో రవత్తు పకారాన్ని కిందనుంచి చుట్టుకొని వస్తుంది; పైన గుడులూ ఏత్వాలూ ఉండనే ఉన్నాయి. పట్టీ అంచు దాటినదేదైనా దాచిపెట్టమని సీఎస్‌ఎస్ చెప్పింది కాబట్టి, బ్రౌజరు ఆ వత్తులను సగానికి కోసి దాచిపెట్టింది. సైటు చూపించిన రోజున బాబాయి గారు కళ్లజోడు సవరించుకొని, “ఇదేంటండీ, మన మొక్కలకి వేళ్లు కోసేశారు?” అన్నారు. ఆ మాట ఆ సంస్థవారికి సాంకేతిక వివరణ కన్నా త్వరగా ఎక్కింది.

అదే ఓవర్‌ఫ్లో ఆదేశం మరో నష్టం కూడా చేసింది. పండ్ల మొక్కల కింద మామిడి, కొబ్బరి, సపోటా, జామ, నిమ్మ అని ఒక ఉపమెనూ కోరాము. మౌసు పెట్టగానే అది పట్టీ కిందికి జారి తెరుచుకోవాలి. అది తెరుచుకుంటూనే ఉంది. కానీ పట్టీ అంచుకు అవతల ఉన్నది కాబట్టి ఎవరికీ కనబడదు. దీన్ని సరిచేయడానికి వారి కుర్రాడు ముందుగా జెడ్-ఇండెక్స్ విలువను పెంచుకుంటూ పోయాడు. జెడ్-ఇండెక్స్ ఒకదానిపై ఒకటి ఉన్న పొరల వరుసను మార్చుతుందే తప్ప, కత్తిరించిన భాగాన్ని తిరిగి తేలేదు. కోడులో ఎక్కడైనా జెడ్-ఇండెక్స్ విలువ తొమ్మిదుల బారుగా కనిపిస్తే, అక్కడ ఎవరో కారణం వెతకకుండా విలువ పెంచారని అనుమానించవచ్చు.

వెడల్పుల సంగతీ ఇదే తీరు. టెంప్లేటులో ఒక్కో అంశానికి ఒకే వెడల్పు బిగించి ఉంది. నాలుగైదు అక్షరాల ఇంగ్లీషు మాటలకు ఆ వెడల్పు ధారాళంగా సరిపోతుంది. మా ‘లారీ లోడు ధరలు’ అందులో పట్టక రెండు వరుసలై, దాని ఎత్తు పెరిగి, కాస్త ఇరుకు తెర మీద తరువాతి అంశం వెళ్లి ఆ పెరిగిన భాగానికి తగులుకొని మధ్యలో ఆగిపోయింది. ఫ్లోట్ స్వభావమే అంత: కిందివరుసకు దిగే అంశం ఎడమ అంచు దాకా పోకుండా, పైవరుసలో పొడుగ్గా ఉన్నదాని దగ్గరే చిక్కుకుంటుంది. మాట ఎంత ఉంటే పెట్టె అంత అయ్యేటట్లు వెడల్పును వదిలేసి, చుట్టూ ప్యాడింగు మాత్రమే ఇవ్వడం తెలుగు మెనూకు సరైన పద్ధతి. ఆ ప్యాడింగును కూడా పిక్సెళ్లలో కాక అక్షర పరిమాణంతో పాటు పెరిగే ఈఎమ్ కొలతలో ఇస్తే, ఫోనులో అక్షరం పెద్దది చేసుకొనే పెద్దవారికి కూడా పట్టీ కుదురుగా ఉంటుంది.

ఇవన్నీ రాసి పంపితే, వారు పట్టీని పూర్తిగా ఫ్లెక్స్‌లోకి మార్చి రెండవ ప్రతి ఇచ్చారు. యూఎల్‌కు డిస్‌ప్లే ఫ్లెక్స్ అని ఒక్క మాట రాయగానే ఎల్‌ఐలు వరుసలో నిలుస్తాయి, ఎత్తు తనంతట తాను నిలబడుతుంది, ఓవర్‌ఫ్లో చిట్కా అవసరమే ఉండదు. లైన్-హైట్‌ను 1.6కు పెంచి, బిగించిన ఎత్తును తీసేశారు. వత్తులు పూర్తిగా బయటపడ్డాయి, ఉపమెనూ కూడా. ఈ ప్రతిలో నాకు ముచ్చటగా తోచిన పని మరొకటి ఉంది. ‘సంప్రదించండి’ అన్న చివరి అంశానికి ఎడమ మార్జినును ఆటో అని ఇచ్చారు. మిగిలిన ఖాళీనంతా ఆ మార్జినే మింగేసి, ఆ ఒక్క అంశాన్నీ పట్టీ కుడి చివరకు నెట్టింది. అది మిగిలినవాటి నుంచి విడిగా కనిపిస్తుంది కాబట్టి, ఫోను చేయాలనుకొన్నవారికి వెతుకులాట తప్పింది. అంశాల మధ్య సందుకు గ్యాప్ వాడారు. ఫ్లెక్స్‌లో గ్యాప్ ఐఫోన్లకు 14.5 వెర్షనుతో 2021లో గానీ రాలేదు. అంతకు పాతవాటిలో సందు కనిపించదు. అయినా లింకులకు సొంత ప్యాడింగు ఉన్నందున ఆ ఫోన్లలో మాటలు అంటుకుపోవు. ఇది ఆలోచించి చేశారో, కలిసొచ్చిందో గానీ మంచిదే.

లింకు ప్యాడింగు గురించి కాస్త విడిగా చెప్పాలి. కొన్నవారిని నేరుగా ఇబ్బంది పెట్టినది అదే. మొదటి ప్రతిలో ఆకుపచ్చ రంగునూ ప్యాడింగునూ ఎల్‌ఐకి ఇచ్చారు, లింకును మాత్రం ఉన్నదున్నట్టు వదిలేశారు. లింకు సహజంగా ఇన్‌లైన్ వస్తువు. మాట ఉన్నంత మేరే నొక్కుడు పనిచేస్తుంది. తెర మీద బొత్తంలా కనిపించే ఆకుపచ్చ పెట్టె అంచున వేలు పెడితే ఏమీ జరగదు, నడుమ ఉన్న అక్షరాల మీదే సరిగ్గా పెట్టాలి. తణుకు వైపు నుంచి ఎప్పుడూ మా దగ్గరే మొక్కలు తీసుకొనే ఒక కాంట్రాక్టరు ఫోను చేసి, “మీ సైటు చూడ్డానికి బాగుందండి, నొక్కితే మాత్రం ఉలకదు పలకదు” అన్నారు. కారణం ఇది: ఆయన బొటనవేలు పడేది మాట పక్కన ఉన్న ఖాళీ రంగు మీద. పరిష్కారం చిన్నది. ప్యాడింగునూ రంగునూ ఎల్‌ఐ నుంచి తీసి లింకుకు ఇచ్చి, లింకు డిస్‌ప్లేను బ్లాక్ చేస్తే పెట్టె మొత్తం నొక్కదగినదవుతుంది. 2023లో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాల 2.2 ప్రతి, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవూ వెడల్పూ ఉండాలంటుంది. పొలం పనీ మట్టి పనీ చేసే చేతులకు అది చాలదని నా ఉద్దేశం, అందుకే ఎత్తు 44 పిక్సెళ్లకు తగ్గకుండా పెట్టమని అడిగాము. పెట్టారు.

ఉపమెనూ మాత్రం బయటపడినంత మాత్రాన బాగుపడలేదు. జాబితాలోని ఎల్‌ఐ లోపల మరో యూఎల్ పెట్టడం సరైన పద్ధతే, వారు అలాగే రాశారు. అయితే నావ్ లోపలి యూఎల్ అన్నిటికీ వర్తించేలా నియమం రాయడంతో, మామిడీ కొబ్బరీ కూడా పెద్దవాటిలాగే అడ్డంగా వరుసకట్టి, తెర కుడి అంచు దాటి వెళ్లిపోయాయి. నావ్‌కు నేరుగా లోపల ఉన్న యూఎల్‌కు మాత్రమే వర్తించేలా నియమంలో ఒక గుర్తు చేర్చితే లోపలి జాబితా తన నిలువు రూపాన్ని నిలుపుకుంటుంది. తరువాత, పట్టీకీ ఉపమెనూకీ మధ్య అందం కోసం ఎనిమిది పిక్సెళ్ల మార్జిను వదిలారు. మౌసు ఆ సందు దాటేలోగా, అది మెనూ మీద ఉందనే హోవర్ స్థితి పోయి ఉపమెనూ మూసుకుపోతుంది. కొబ్బరి నొక్కాలంటే చేతివాటం ఉండాలి. ఆ సందును మార్జినుగా కాక, ఉపమెనూ సొంత పై ప్యాడింగుగా ఇస్తే మౌసు ఎప్పుడూ మెనూ పరిధిలోనే ఉంటుంది. కీబోర్డు వాడేవారి కోసం హోవర్‌తో పాటు ట్యాబ్ నొక్కి లింకును చేరినా ఉపమెనూ తెరిచే ఫోకస్-వితిన్ కూడా చేర్చమని చెప్పవలసి వచ్చింది. అసలు, మౌసే లేని ఫోనులో హోవర్‌ను నమ్ముకొన్న ఉపమెనూకు అర్థమేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఫోను తెర గురించి మాకూ వారికీ కొంత వాదన జరిగింది. ఫోనులో మెనూ మొత్తాన్ని దాచి, మూడు అడ్డగీతల గుర్తు నొక్కితే తెరుచుకొనేలా చేయడం వారి అలవాటు. “అందరూ ఇలాగే పెట్టించుకుంటున్నారండి” అన్నారు. ఆ గుర్తు నొక్కితే మెనూ వస్తుందని మా కొనుగోలుదారుల్లో అందరికీ తెలియదు. తెలిసినవారికి కూడా ఒక నొక్కు అదనం. ఆరే అంశాలు ఉన్నప్పుడు వాటిని దాచవలసిన అవసరం నాకు కనిపించలేదు. చివరకు పట్టీని ఒకే వరుసలో ఉంచి, వేలితో పక్కకు జరుపుకొనేలా ఓవర్‌ఫ్లో ఎక్స్ (అడ్డం) దిశలో ఆటో చేశారు. మాటలు మధ్యలో విరగకుండా వైట్-స్పేస్ విలువను నోర్యాప్ చేశారు. కుడి అంచున ఒక మాట సగం కనిపించేలా కొలత కుదరడంతో, అటువైపు ఇంకా ఉందని చూసేవారికి చెప్పకుండానే తెలుస్తోంది. కానీ ఇక్కడ సీఎస్‌ఎస్ నియమం ఒకటి అడ్డం వస్తుంది: ఎక్స్ దిశలో ఓవర్‌ఫ్లోను ఆటో చేస్తే వై (నిలువు) దిశలోనూ అది విజిబుల్‌గా ఉండలేదు, తానూ ఆటో అయిపోతుంది. అంటే పక్కకు జరిగే పట్టీలోంచి కిందికి దిగే ఉపమెనూ కుదరదు. అందుచేత ఫోనులో ఉపమెనూను పూర్తిగా తీసేసి, పండ్ల మొక్కల పేజీ మొదట్లోనే మామిడి, కొబ్బరి, సపోటా లింకులను మామూలు జాబితాగా పెట్టించాము. నిజానికి కంప్యూటరులో కూడా అలాగే ఉంటే సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తోంది; ఉపమెనూ మీద పెట్టిన శ్రమకు తగిన ఫలం లేదు.

రంగుల విషయం త్వరగా ముగిస్తాను. లేత ఆకుపచ్చ మీద తెల్లని అక్షరాలు పెట్టారు. నర్సరీ అంటే ఆకుపచ్చ అన్నది అర్థం చేసుకోదగిన ఆలోచనే. ఆఫీసు గదిలో చదవగలిగిన ఆ మాటలు, ఎండలో మడుల మధ్య నిలబడి ఫోను చూసేవారికి అలికేసినట్టు కనిపించాయి. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరానికీ వెనుక రంగుకీ తేడా కనీసం 4.5కు 1 ఉండాలన్నది నిర్ణీత ప్రమాణం. ముదురు ఆకుపచ్చకు మార్చాక అది ధారాళంగా దాటింది. ఇప్పుడు ఉన్న పేజీని సూచించే గుర్తును మొదట ప్రతి పేజీలోనూ చేతితో ఒక క్లాసు పేరు రాసి పెట్టారు. ధరల పేజీలో ఉంటే పూల మొక్కలు వెలిగాయి, కాపీ చేసినప్పుడు మార్చడం మరచినందుకు. ఇప్పుడు ‘ఇదే ప్రస్తుత పేజీ’ అని తెలిపే ఏరియా-కరెంట్ అన్న లక్షణాన్ని సైటే తనంతట పెడుతుంది, దాని ఆధారంగానే సీఎస్‌ఎస్ కింద గీత గీస్తుంది. కంటితో చూసేవారికీ చెవితో వినేవారికీ ఒకే సమాచారం అందుతోంది. ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్తే లింకు చుట్టూ వచ్చే గీతను అందం కోసం తీసేశారు. తిరిగి పెట్టించాము.

ఫాంటు ఎంపికలో వారికి మంచి అభిరుచి ఉందని ఒప్పుకోవాలి. శీర్షికకు రామభద్ర వాడి, మెనూకు మండలి వాడారు. రామభద్ర బాగా లావైన అక్షరం. దానినే మెనూలోనూ వాడితే ఆరు మాటలూ పోటీపడి అరుస్తున్నట్టు ఉండేది. అయితే ఫాంటు ఫైలు దిగేలోపు ఫోనులో ఉన్న తెలుగు ఫాంటు కనిపించి, దిగిన తరువాత మాటల వెడల్పులు మారి, పట్టీ ఒక్కసారి కుదుపుకు లోనవుతుంది. మా ఊళ్లో సిగ్నలు బాగా ఉన్నచోట ఇది కన్ను ఆర్పేంతలో అయిపోతుంది. లంకల వైపు నుంచి చూసినవారికి స్పష్టంగా కనిపించిందట. ఫైలును ముందుగానే తెప్పించే ఏర్పాటు చేస్తామన్నారు, ఇంకా చేయలేదు. టెంప్లేటు నుంచి మిగిలిపోయిన మరో అవశేషం, పేజీ భాష ఇంగ్లీషు అని చెప్పే లక్షణం. అది అలా ఉంటే స్క్రీన్ రీడరు తెలుగు మాటలను ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది. తెలుగు అని మార్చడానికి రెండు అక్షరాలు దిద్దితే చాలు. ఆ రెండు అక్షరాలూ దిద్దించడానికే ఎక్కువసార్లు గుర్తుచేయవలసి వచ్చింది.

ఇదే సంస్థ అంబాజీపేటలో ఒక కొబ్బరి పీచు వ్యాపారికీ, ఆత్రేయపురంలో ఒక పూతరేకుల దుకాణానికీ సైట్లు చేసింది; మాకు పని ఒప్పుకొనే ముందు నమూనాలుగా చూపినవి అవే. ఇప్పుడు తెలిసిన కంటితో వాటిని మళ్లీ చూశాను. పూతరేకుల సైటు మెనూ ఇంగ్లీషులో ఉంది, అందువల్ల ఎక్కడా వంక కనిపించదు. పీచు వ్యాపారి మెనూ తెలుగులోనే ఉన్నా మాటలన్నీ వత్తులు లేని పొట్టి మాటలు. మా మెనూలో బయటపడిన దోషాలు ఆ రెండింటి కోడులోనూ నిద్రపోతూ ఉన్నాయి. ఎవరైనా ఒక పొడవైన మాట చేర్చిన రోజున లేస్తాయి. నమూనా చూసి బేరం కుదుర్చుకొనేవారు, తమ సొంత మెనూ మాటలను ముందే రాసి ఇచ్చి, వాటిని ఆ నమూనా పట్టీలో వేసి, కంప్యూటరులో కాక ఫోనులో చూపించమని అడగడం మేలు. అడిగితే చేయడానికి వీరు వెనుకాడరు.

సేవ విషయంలో మర్యాదకు లోటు లేదు. ఫోను చేస్తే ఎత్తుతారు, ఎత్తలేకపోతే తిరిగి చేస్తారు. సగం డబ్బు ముందు, సగం సైటు అప్పగించాక తీసుకున్నారు. డొమైను బాబాయి గారి పేరునే నమోదు చేయించి, హోస్టింగు పాస్‌వర్డులు కాగితం మీద రాసి చేతికి ఇచ్చారు. ఇది వీరి నుంచి తప్పక మెచ్చుకోవలసిన విషయం, డొమైనును తమ పేరున ఉంచుకొని ఏటా బేరం పెంచేవారి గురించి ఇక్కడి వ్యాపారులు చెప్పుకుంటూనే ఉంటారు. నెమ్మది మాత్రం ఉంది. ఒక దిద్దుబాటు చెబితే అది జరిగేలోపు మరొకటి గుర్తుకొచ్చేంత నెమ్మది. పండుగల ముందు ఆర్డర్ల కోసం తొందరలో సైటు కావలసినవారు వీరి దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది. ఇంగ్లీషు మెనూతో సరిపెట్టుకొనేవారూ, తీరుబడి ఉండి ప్రతిదీ చూసి దిద్దించుకోగలవారూ నిశ్చింతగా వెళ్లవచ్చు.

నిర్వహణకు ఏడాదికి ఒకసారి రుసుము తీసుకుంటారు. మెనూలో కొత్త అంశం చేర్చడం ఆ రుసుములోనే ఉంది, నిజానికి దానికి వారితో పనికూడా లేదు: జాబితాలో ఒక ఎల్‌ఐ వరుస పెంచితే మిగిలిన సర్దుబాటు ఫ్లెక్స్ చూసుకుంటుంది, మేము ‘కుండీలు’ అన్న అంశాన్ని అలాగే చేర్చుకున్నాము. కొత్త ఉపమెనూ కావాలంటే మాత్రం విడిగా డబ్బు అడుగుతారు. ఫాంటు కుదుపు సంగతి పెండింగులో ఉంది.